తలకు మించిన భారం

పది లక్షలు పోసి కొన్న లెన్స్‌ను నిలబెట్టేది దాని కింద ఉండే పిడికెడు లోహపు ముక్క. ట్రైపాడ్ హెడ్ కొనేటప్పుడు చాలామంది చూసేది పెట్టె మీది కిలోల అంకె. అసలు చూడాల్సింది వేరే ఉంది.

తిరుపతి జిల్లా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. చలికాలంలో ఆ రోడ్డు పక్కన తెల్లవారకముందే కార్లు ఆగుతాయి. డిక్కీలు తెరుచుకుంటాయి. వాటిలోంచి దిగే సామగ్రిని చూసి వీళ్లంతా రాకెట్ ప్రయోగానికి వచ్చారేమోనని కొత్తవారు పొరబడితే తప్పు పట్టలేం. మూరెడు పొడవు లెన్స్‌లు, వాటికి ఆకుపచ్చ మచ్చల తొడుగులు, చేయంత లావు కాళ్లున్న ట్రైపాడ్‌లు. వీళ్లు వచ్చింది ఫ్లెమింగోల కోసం.

నీళ్లలో తల ముంచి మేస్తున్న పక్షులన్నీ ఉన్నట్టుండి లేస్తాయి. ఒకరి లెన్స్ ఆ గుంపు వెంట గాలిలో ఈదినట్టు కదిలిపోతుంది. పక్కనున్నాయన ఇంకా మర వదులు చేస్తూనే ఉంటారు. వదులయ్యీ కాగానే లెన్స్ ముక్కు దబ్బున నేలకు వాలుతుంది. దాన్ని పైకెత్తి, చూపు కుదుర్చుకుని, మర బిగించేసరికి గులాబీ రెక్కలు తమిళనాడు వైపు చుక్కల్లా మిగులుతాయి. ఇద్దరిదీ ఒకే రకం కెమెరా, ఒకే రకం లెన్స్ కావచ్చు. తేడా అంతా ట్రైపాడ్ కాళ్లకూ లెన్స్‌కూ మధ్య ఉన్న ఆ ముక్కలోనే ఉంది. దాన్నే హెడ్ అంటారు. ఫోటోగ్రఫీ సామగ్రిలో ఇంత తక్కువ ఆలోచించి కొనే వస్తువు మరొకటి లేదు.

బరువైన కెమెరా మనకు కొత్తేమీ కాదు. మద్రాసుకు చెందిన ప్రకృతి పరిశోధకుడు ఎం. కృష్ణన్ (1912-96) రకరకాల కెమెరాల భాగాలు కలిపి సొంతంగా ఒకటి కట్టుకుని, దాని బరువును తానే ఎగతాళి చేస్తూ 'సూపర్ పాండరోసా' అని పేరు పెట్టుకున్నారు. అడవి జంతువుల నలుపు తెలుపు ఫోటోలు ఎన్నో ఆయన ఏనుగు వీపు మీద నుంచి తీశారు. ఏనుగు వీపుకు సరిపోయే హెడ్ మాత్రం నేటికీ ఎవరూ తయారు చేయలేదు.

అప్పటితో పోలిస్తే ఇప్పుడు ఈ వ్యసనం మధ్యతరగతికి కూడా అందింది. 600 ఎంఎం వరకు పోయే, 2 నుంచి 3 కిలోల లోపు బరువున్న జూమ్ లెన్స్‌లు వచ్చాక ఆదివారం ఉదయాల్లో హైదరాబాద్ శివార్ల చెరువుగట్ల మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, డాక్టర్లు, రిటైరైన బ్యాంకు అధికారులు బారులు తీరుతున్నారు. వారిలో కొందరు ఏదో ఒక రోజు 600 ఎంఎం ఎఫ్/4 లెన్స్ దాకా వెళతారు. దాని ధర 10 లక్షల రూపాయలు దాటుతుంది. 1999లో వచ్చిన కెనాన్ 600 ఎంఎం లెన్స్ బరువు 5.36 కిలోలు. ఒకటిన్నర కిలోల దాకా ఉండే కెమెరాను తగిలిస్తే మొత్తం 7 కిలోలకు దగ్గరవుతుంది. పులికాట్‌కు దగ్గర్లోని నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతు 6 కిలోలు తూగితే గొప్ప. అంటే ఫోటో తీసే సామాను పక్షి కన్నా బరువన్నమాట.

ఇంత ఖర్చు పెట్టినవారు కూడా హెడ్ దగ్గరకు వచ్చేసరికి చేయి వెనక్కు తీస్తారు. పెళ్లికి లక్షలు గుమ్మరించి పందిరి గుంజ దగ్గర బేరమాడినట్టు. దుకాణంలో వారు అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: ''ఇది ఎన్ని కిలోలు మోస్తుంది?'' పెట్టె మీద 15 అనో, 25 అనో అంకె ఉంటుంది. నా లెన్స్ 5 కిలోలే కదా అని ధీమాగా ఇంటికి తెచ్చుకుంటారు.

చిక్కంతా ఆ అంకెతోనే. ఒక్కో కంపెనీ తనదైన పద్ధతిలో కొలిచి దాన్ని అచ్చు వేస్తుంది. పైగా నిటారుగా మోయడం వేరు, వాలినప్పుడు ఆపడం వేరు. నెత్తిన మూట పెట్టుకుని నడిచే మనిషిని అదే మూటను చేయి చాచి పట్టుకోమంటే ఏమవుతుంది? బాల్ హెడ్ పరిస్థితి అదే. కప్పులో బంతి, దాన్ని బిగించే మర, బంతి మీద కెమెరా. 5 కిలోల సామగ్రి గురుత్వ కేంద్రం బంతి మధ్యబిందువుకు 12 సెం.మీ. పైన ఉందనుకుందాం. నిటారుగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. చెట్టు కొమ్మ మీది గుడ్లగూబ కోసం 30 డిగ్రీలు వాల్చారంటే ఆ బరువు బంతిని తిప్పేయడానికి చూపే బలం, 10 సెం.మీ. పొడవున్న పానా చివర 3 కిలోల రాయి వేలాడదీసినదానితో సమానం. లెన్స్‌ను సమతూకం చూసుకోకుండా 6 సెం.మీ. ముందుకో వెనక్కో బిగించినా సరిగ్గా అంతే బలం పడుతుంది. ఈ సంగతి పెట్టె మీద ఉండదు.

బంతి కొంచెం జారితే ఏమవుతుందిలే అనుకోవడానికి వీల్లేదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 600 ఎంఎం లెన్స్ తగిలిస్తే, 50 మీటర్ల దూరంలో అది చూసేది 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తున్న ముక్కను మాత్రమే. హెడ్ ఒక్క డిగ్రీ జారితే చూపు 87 సెం.మీ. పక్కకు పోతుంది. ఫ్రేమ్ మధ్యలో కూర్చోబెట్టిన పాలపిట్ట దాదాపు ఫ్రేమ్ అంచుకు చేరుతుంది. చవక బాల్ హెడ్‌లలో మర బిగించి చేయి తీయగానే ముక్కు కాస్త కిందికి దిగడం సర్వసాధారణం. వాడేవారు దానికి అలవాటు పడి, కావలసినదాని కన్నా కొంచెం పైకి గురిపెట్టి బిగిస్తుంటారు. వేలల్లో పోసి కొన్న వస్తువుకు మనం ఇలా సర్దుకుపోవడమేమిటో!

పక్షుల ఫోటోగ్రాఫర్లకు ఈ తలనొప్పి చాలావరకు తగ్గించింది గింబల్ హెడ్. దీని వెనక సూత్రం పాతదే. ఓడ ఎటు ఊగినా దిక్సూచి మట్టంగా ఉండేందుకు నావికులు వాడిన వలయాల అమరికే గింబల్. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో దాన్ని వర్ణించాడు. లెన్స్‌ల కోసం అమెరికాలోని వర్జీనియాకు చెందిన వింబర్లీ సంస్థ 1990లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పుడు 'వింబర్లీ' అన్న మాట అలాంటి హెడ్‌లన్నిటికీ పేరైపోయింది, ఫోటోకాపీకి జిరాక్స్‌లాగా.

దీని కిటుకు తేలికే. బాల్ హెడ్‌లో బరువు ఇరుసుకు పైన నిలబడుతుంది, కర్ర చివర బిందె నిలబెట్టినట్టు. గింబల్‌లో ఎల్ ఆకారపు చేతికి లెన్స్ ఊయలలా వేలాడుతుంది. పైకీ కిందికీ తిరిగే ఇరుసు సరిగ్గా లెన్స్, కెమెరాల ఉమ్మడి గురుత్వ కేంద్రం గుండా పోయేలా సర్దుకోవచ్చు. కావడి మోసేవాడు బద్దను భుజం మీద ముందుకూ వెనక్కూ జరిపి తూకం కుదుర్చుకున్నట్టే ప్లేటును జరపాలి. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒకే పరీక్ష: మరలన్నీ వదులు చేసి చేయి తీసేయండి. లెన్స్‌ను ఎటు చూసేలా వదిలితే అటే చూస్తూ ఉండిపోవాలి. అప్పుడు 6 కిలోల సామాను వేలితో తోస్తే తిరుగుతుంది. బలం అక్కర్లేదు, బిగింపు అక్కర్లేదు. బరువు ఎంతన్నది కాదు, ఎక్కడ కూర్చుందన్నది ముఖ్యమనేది ఇక్కడే కళ్లకు కడుతుంది.

అయితే గింబల్‌కు కూడా పేచీలున్నాయి. ఆర్డర్ పెట్టేముందు వాటిని తెలుసుకోవాలి. మొదటిది బరువు, ఆకారం. వింబర్లీ పెద్ద హెడ్ దాదాపు 1.4 కిలోలుంటుంది. సంచిలో ఎటు పెట్టినా ఓ మూల పొడుచుకొస్తుంది. విమానంలో చేతి సామానుకు 7 కిలోల పరిమితి ఉన్న దేశంలో అది చెక్-ఇన్ పెట్టెలోకి పోవాల్సిందే. రెండోది, జూమ్ చేస్తే పొడవు పెరిగే లెన్స్‌లతో తూకం మారిపోతుంది. సిగ్మా, టామ్రాన్ కంపెనీల 150-600 ఎంఎం జూమ్‌లు ఈ కోవలోవే. వాటిని 600 దగ్గర పెట్టి తూకం కుదుర్చుకుంటే ఎక్కువ భాగం పని జరిగిపోతుంది. సోనీ 200-600, నికాన్ 180-600 లాంటివి లోలోపలే జూమ్ అవుతాయి కాబట్టి ఆ బాధ లేదు. మూడోది, ట్రైపాడ్ మట్టంగా లేకపోతే గింబల్ ఎంత ఖరీదైనదైనా నీటి అంచు వంకరపోతుంది. ఎగిరే పక్షి వెంట ఎడమ నుంచి కుడికి తిప్పేసరికి పులికాట్ సరస్సు ఒకవైపు ఒలికిపోతున్నట్టుంటుంది. కాళ్లకూ హెడ్‌కూ మధ్య మట్టం సరిచేసే చిన్న అరబంతి పెట్టుకోవడం ఇందుకే. ప్రతిసారీ కాళ్లు పొడవూ పొట్టీ చేస్తూ కూర్చోవడం కన్నా ఆ ఖర్చు మేలు.

ఇంకో ప్రమాదం గురించి దుకాణదారులు చెప్పరు. హెడ్‌ను కాళ్లకు బిగించేది 3/8 అంగుళాల మర ఒక్కటే. బరువైన లెన్స్‌ను పక్షి వెంట ఎడమవైపు గట్టిగా తిప్పుతూ పోతే, పాన్ మర బిగుతుగా ఉన్నప్పుడు హెడ్ మొత్తం ఆ మరలోంచి కొద్దికొద్దిగా ఊడొస్తుంది. కొన్ని ట్రైపాడ్‌లకు కింది వైపు నుంచి బిగించే చిన్న స్క్రూలు ఇస్తారు. అవి ఉన్న ట్రైపాడ్‌నే ఎంచుకోవడం మంచిది. లేకుంటే రోజూ పని మొదలుపెట్టేముందు హెడ్‌ను ఓసారి చేత్తో బిగించి చూసుకోవాలి. అలాగే 1/4 అంగుళం మరను 3/8కి మార్చే ఇత్తడి బుషింగ్ మీద 10 లక్షల లెన్స్‌ను నమ్మి పెట్టకపోవడమే వివేకం.

ఇక వేలాడదీయడానికి కావలసిన ప్లేటు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆర్కా-స్విస్ కంపెనీ పేరు మీద చలామణి అవుతున్న 38 మి.మీ. వెడల్పు ప్లేటు ఇప్పుడు దాదాపు అందరూ వాడే పద్ధతి. కానీ అది రాసిపెట్టిన ప్రమాణం కాదు. కంపెనీకీ కంపెనీకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మర తిప్పి బిగించే క్లాంప్ ఆ తేడాను సర్దుకుంటుంది. మీట నొక్కితే బిగిసే క్లాంప్‌లు కొన్ని సర్దుకోవు. ఒక ప్లేటును పట్టుకున్నది ఇంకో ప్లేటును వదులుగా పట్టుకుంటుంది, మీటేమో బిగిసినట్టే కనిపిస్తుంది. బరువైన లెన్స్‌కు మర క్లాంపే నయం. ప్లేటు రెండు చివర్లా చిన్న ఆపుడు స్క్రూలు ఉండాలి. క్లాంప్ వదులైనా లెన్స్ జారి బండ మీద పడకుండా కాపాడేవి అవే. అడ్డొస్తున్నాయని వాటిని పీకి డ్రాయర్‌లో పడేసేవారిని చూస్తే హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించుకుని బండి నడిపేవారు గుర్తొస్తారు.

అందరూ ఫ్లెమింగోల వెంట పడరు. హిమాచల్‌ప్రదేశ్‌లోని స్పితి లోయలో కిబ్బర్ అనే ఊరు ఉంది. ఎత్తు సుమారు 4,200 మీటర్లు. చలికాలంలో మంచు చిరుతను చూడటానికి దేశం నలుమూలల నుంచీ అక్కడికి వెళుతున్నారు. అక్కడ పని తీరే వేరు. చిరుత ఎదుటి కొండవాలు మీద, మధ్యలో లోయ పెట్టుకుని, గంటల తరబడి కదలకుండా పడుకుంటుంది. లెన్స్ కూడా అన్ని గంటలూ కదలకుండా దాన్నే చూస్తూ ఉండాలి. ఇక్కడ గింబల్ గొప్పదనానికి పెద్దగా పని లేదు. పైగా ఒంటిచేతి గింబల్‌లలో చవక రకాలు బిగించాక కూడా గాలికి సన్నగా వణుకుతాయి. ఊపిరి అందని ఎత్తులో అర కిలో తేడా కూడా తెలుస్తుంది. 50 మి.మీ. పైబడిన బంతి ఉన్న మంచి బాల్ హెడ్, లెన్స్‌ను సరైన తూకంలో బిగించుకుంటే, ఇక్కడ చక్కగా నిలుస్తుంది. ఫోటోతోపాటు వీడియో కూడా కావాలంటే ఫ్లూయిడ్ హెడ్.

ఫ్లూయిడ్ హెడ్ సినిమావాళ్ల సొత్తు. 1940లలో ఆస్ట్రేలియాలో మిల్లర్ మొదలుపెట్టిన పద్ధతి. లోపలి చిక్కని ద్రవం కదలికను అడ్డుకుంటూ అదురు లేకుండా చేస్తుంది. మంచి రకాల్లో లెన్స్ ముందుకు వాలితే తిరిగి లేపే స్ప్రింగ్ కూడా ఉంటుంది. మన పెళ్లి వీడియోగ్రాఫర్లకు దీని విలువ ఎప్పుడో తెలుసు. ఇప్పుడు ఒకే కెమెరా ఫోటోలూ 4కె వీడియోలూ తీస్తోంది కాబట్టి పక్షుల ఫోటోగ్రాఫర్లు కూడా వీటి వైపు చూస్తున్నారు. కాకపోతే ఫ్లూయిడ్ అని రాసి ఉన్న చవక హెడ్‌లలో చాలావాటిలో ఉండేది గ్రీజు మాత్రమే. దుకాణంలోనే పట్టేయొచ్చు: నెమ్మదిగా పక్కకు తిప్పి హ్యాండిల్ వదలండి. ఆపిన చోట ఆగకుండా రబ్బరులా కొంచెం వెనక్కు వచ్చిందంటే దాన్ని అక్కడే వదిలేయొచ్చు. మంచివైనా సున్నాకు 20 డిగ్రీల దిగువ చలిలో బిగుసుకుపోయి కదలడానికి మొరాయించవచ్చు. కిబ్బర్ వెళ్లేవారు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

పళ్లచక్రాలతో వెంట్రుకవాసి చొప్పున కదిలే గేర్డ్ హెడ్‌ల గురించి ఒక్క మాట చాలు. కట్టడాలు, నగలు, వస్తువుల ఫోటోలు తీసేవారికి అంతకు మించినది లేదు. మాన్‌ఫ్రోటో 410 మోసేది 5 కిలోలు, 405 అయితే 7.5 కిలోలు. పక్షి మాత్రం మనం పిడి తిప్పేదాకా ఆగదు. లేపాక్షి స్తంభాల కోసం కొనాలనుకునేవారు పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలన్నది మరిచిపోకూడదు.

అసలు ఏ హెడ్డూ పనికిరాని చోటు కూడా ఒకటుంది. పులుల కోసం రణథంబోర్‌కో, తాడోబాకో వెళ్లేవారు జిప్సీ దిగడానికి వీల్లేదు. ఆరుగురు కూర్చున్న బండిలో మూడు కాళ్లు చాపుకునే చోటెక్కడిది? అక్కడ రాజ్యమేలేది బీన్ బ్యాగ్. తెలివైనవారు ఖాళీ సంచి మడిచి పెట్టుకెళ్లి, దిగిన ఊళ్లో బియ్యమో శనగలో కొని నింపుకుంటారు. బండి అంచు మీద దాన్ని పరిచి లెన్స్ ఆనిస్తే అదే హెడ్. తిరుగు ప్రయాణంలో బియ్యం డ్రైవర్‌కు ఇచ్చేయవచ్చు. ఏడాదికి రెండుసార్లు సఫారీకి తప్ప లెన్స్ బయటికి తీయనివారు ఖరీదైన గింబల్ కొనడం శుద్ధ దండగ.

లెన్స్‌లు తేలికవుతున్నాయి కదా, ఇంకా ఈ ఇనప సామానెందుకని అడిగేవారు పెరిగారు. నిజమే. 2018లో వచ్చిన కెనాన్ మూడో తరం 600 ఎంఎం 3.05 కిలోలే. మరుసటి ఏడాది వచ్చిన సోనీది 3.04. ఇరవై ఏళ్లలో 2 కిలోలకు పైగా కరిగిపోయింది. పక్షి కంటిని వెతికి పట్టుకునే మిర్రర్‌లెస్ కెమెరాలు, చేతి వణుకును సరిచేసే లెన్స్‌లు వచ్చాక చాలామంది చేతులతోనే తీసేస్తున్నారు. పది నిమిషాల పాటు అది సులువే. లకుముకిపిట్ట ఎప్పుడు మునక వేస్తుందా అని గంటన్నర కంటిని లెన్స్‌కు ఆనించి కూర్చోవాలంటే మాత్రం 4 కిలోల చొప్పున భుజం లెక్క చెబుతుంది. సరిగ్గా చేయి దించిన క్షణంలోనే పిట్ట నీళ్లలోకి దూకుతుంది. తేలిక లెన్స్‌ల వల్ల వచ్చిన అసలు లాభం ఏమిటంటే హెడ్ కూడా చిన్నది సరిపోతుంది. మొత్తం 4 కిలోల లోపు సామగ్రికి పెద్ద గింబల్ అక్కర్లేదు. బాల్ హెడ్‌కు పక్కగా తగిలించే చిన్న గింబల్ చేయి సరిపోతుంది. అయితే కింది బాల్ హెడ్ గట్టిదై ఉండాలి, దాని పాన్ సాఫీగా తిరగాలి.

కొనేవారు తమ లెన్స్, కెమెరా రెండూ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాలి. ఖాళీ హెడ్‌ను తిప్పి చూస్తే అన్నీ వెన్నలాగే తిరుగుతాయి. లెన్స్‌ను దాని కాలర్ దగ్గర బిగించి, పొడవుగా జూమ్ చేసి, వీధి అవతలి బోర్డు మీది ఒక అక్షరానికి గురిపెట్టి, తెర మీద 10 రెట్లు పెద్దది చేసి చూడాలి. బిగించి చేయి తీసినప్పుడు అక్షరం ఎంత జరిగింది? లెన్స్ ముందుభాగాన్ని వేలితో తడితే వణుకు ఎంతసేపటికి ఆగింది? రెండు మూడు హెడ్‌లను ఇలా పోల్చితే కిలోల అంకెలు చెప్పనిది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపి చూపించే దుకాణదారును దాన్ని దించమనండి. పొడుగాటి సన్నని కడ్డీ మీద ఏ హెడ్ అయినా వణుకుతుంది, తప్పు హెడ్‌ది కాకపోయినా.

కొన్నాక పులికాట్ లాంటి చోట్లకు వెళ్లొచ్చినవారు ఉప్పు గాలినీ, సన్నని ఇసుకనూ వెంట తెచ్చుకుంటారు. తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మరల మధ్య ఇసుకను మెత్తని బ్రష్‌తో దులిపితే చాలు. బాల్ హెడ్ కాస్త బిరుసుగా తిరుగుతోందని ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయడం మాత్రం చేయకూడదు. బంతిని పట్టి ఆపేది రాపిడే. నూనె తగిలిన బంతి ఎంత బిగించినా జారుతుంది.